చెట్టు లేని చెలక

నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ దాకా నేను రోజూ నడిచే దారిలో ఏ చెట్టు నీడ ఏ వేళకు ఎటు పడుతుందో నాకు తెలుసు. పొద్దున మా హాస్టల్ సందు మలుపులో రావిచెట్టు నీడ టైర్ల దుకాణం షట్టరు మీదికి ఎక్కి ఉంటుంది. సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి అది రోడ్డు దాటి ఇస్త్రీ బండి దగ్గర కూర్చుంటుంది. స్టేషన్ ముందు ఆటోల వాళ్ళు మధ్యాహ్నమంతా నీడ వెంట ఆటోలను కొంచెం కొంచెంగా జరుపుకుంటూ ఉంటారు. తోసేవాళ్ళు మాట్లాడుకుంటూనే తోస్తారు, లోపల పడుకున్నవాళ్ళు నిద్ర లేవరు. వాళ్ళను చూస్తూ నేనూ సగం నిద్రలో ఉన్నట్టే నడుస్తాను.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి ఒకరోజు నాతో పాటు నడిచి, "ఏందే, రోడ్డుకు ఆ పక్క ఈ పక్క గట్ల తిరుగుతవ్? సీదా నడవొస్తలేదా?" అంది. ఒక నీడలోంచి ఇంకో నీడలోకి నడుస్తున్నానని చెప్పడానికి సిగ్గేసింది. చెప్పు తెగిందన్నాను. తర్వాత డైరీలో మాత్రం అసలు సంగతి రాసుకున్నాను. మా చెలకలో చెట్టు లేదు, అందుకని.

చెలక అంటే వానకు పండే ఎర్రమట్టి భూమి. మాది ఊరి బయట గుట్ట కింద ఉంది. కందులు వేస్తాం, సాళ్ళ మధ్య పెసర్లు, ఒక మూలకు జొన్న. గట్టు మీద నిలబడితే ఈ చివర నుంచి ఆ చివర దాకా చూపుకు ఏదీ అడ్డం రాదు. మధ్యాహ్నం అన్నానికి అమ్మ ఎడ్లబండి కింద చోటు చూసేది. ఎడ్లు పోయాక కిరాయి ట్రాక్టరు వచ్చింది. దున్నడం అయ్యాక డ్రైవరు అన్నం తిని లేచేదాకా మాకూ నీడ ఉండేది. ఆయన ట్రాక్టరు తీస్తుంటే మేం పళ్ళాలు చేత పట్టుకుని కాళ్ళు ముడుచుకునేవాళ్ళం. నీడ మా మీద నుంచి లేచి, డీజిలు వాసన వదిలి, గుట్ట మలుపు తిరిగి వెళ్ళిపోయేది. మిగిలిన అన్నం ఎండలో తినేవాళ్ళం.

దగ్గర్లో చెట్టున్న చెలక రెండు గట్ల అవతల ఉంది. దాని ఆసామికీ మాకూ గట్టు తగాదా. వాళ్ళ వేప కింద కూర్చోవడానికి మా బాపు, అంటే నాన్న, చచ్చినా ఒప్పుకోడు.

మా దగ్గర చెట్లు మొలవక కాదు. ఆ వేపపండ్లు తిన్న కాకులు వచ్చి మా గట్ల మీదే వాలుతాయి. వానలు పడగానే ఏటేటా బెత్తెడు వేపమొక్కలు లేస్తాయి. కలుపు తీసేటప్పుడు మా బాపమ్మ, అంటే బాపు వాళ్ళ అమ్మ, వాటిని వెతికి వెతికి పీకేస్తుంది. గడ్డిపోచ ఒకటి వదిలినా వేప మొలకను వదలదు. చిన్నప్పుడు ఒకసారి నేను ఒక మొలక చుట్టూ రాళ్ళు పేర్చి గుడి కట్టాను. మర్నాడు గుడి అలాగే ఉంది. లోపల మొలక లేదు.

"ఎందుకు పీకినవ్ బాపమ్మా?" అన్నాను.

"మనకు చెట్టు లేదు బిడ్డా" అంది.

కొన్ని ఇళ్ళలో కొన్ని నోములు ఉండవు కదా, అలాంటిదేదో అనుకుని ఊరుకున్నాను.

నేను ఇంటరు చదివేటప్పుడు అమ్మ విడమరిచి చెప్పింది. ఆ చెలక ఒకప్పుడు దొరలది. మా ముత్తాత, తర్వాత మా తాత దాన్ని కౌలుకు చేసేవాళ్ళు. కౌలుదారు ఏ పంటైనా వేసుకోవచ్చు, చెట్టు మాత్రం పెట్టకూడదు. పంట కోస్తే పోతుంది. చెట్టు ఉండిపోతుంది. ఎప్పుడో ఒక మనవడు దాని కింద నిలబడి ఇది మా తాత పెట్టిన చెట్టు అన్నాడంటే, కింద భూమి ఎవరిదన్న మాట వస్తుంది. అందుకని కొత్త కౌలుదారు మొదటిసారి విత్తనానికి గొర్రు కట్టే రోజే దొర గట్టు మీదికి వచ్చి చెప్పేవాడట. "ఎవుసం నీది, చెట్టు నాది."

తర్వాత చట్టం వచ్చింది. ఏళ్ళ తరబడి దున్నుతున్న కౌలుదార్లను భూమి మీద నుంచి లేపకూడదన్నారు. ఇంకొన్నాళ్ళకు ఆ భూమి వాళ్ళదే అన్నారు. బాపు ఇంకా చంకలో ఉన్నప్పుడు తాతకు సర్కారు సర్టిఫికెట్ వచ్చింది. అప్పటికే దొరల కుటుంబం హైదరాబాదు చేరింది. ఊళ్ళో వాళ్ళ గడి, అంటే కోటలాంటి ఇల్లు, మెల్లమెల్లగా ఊరి ఇళ్ళలోకి వెళ్ళిపోయింది. తలుపులు ఒకరి ఇంటికి, దూలాలు ఒకరి కొట్టానికి. మా బడి కిటికీలకు గడి ఊచలే ఉండేవి. నేను వాటిని పట్టుకుని బయటికి చూస్తూ చాలా పాఠాలు పోగొట్టుకున్నాను.

ఆ చెలక మాకు చాలా ఇచ్చింది. తాత వెట్టికి పోవడం ఆగింది. బాపు బడికి పోయాడు. బ్యాంకులో తాతకు కుర్చీ వేశారట, ఆయన కూర్చోవడానికి చాలాసేపు పట్టిందట. నేను పట్నంలో చదువుకున్నది కూడా ఆ కందుల మీదనే. అందరికీ ఇవ్వలేదు ఆ చట్టం. కౌలు కూడా లేని కూలివాళ్ళకు దాంతో ఏమీ రాలేదు. వాళ్ళ పిల్లలు ఇప్పుడు మా చెలకకు కలుపుకు వస్తారు. ట్రాక్టరు నీడలో మేం కూర్చుంటే వాళ్ళు అంచున, సగం ఎండలో కూర్చుని తింటారు. బాపు పక్కనున్న ఇంకో చెలకను కౌలుకు చేస్తాడు. దాని ఆసామి పట్నంలో ఎక్కడో ఉంటాడు, మాట మీద నడుస్తుంది, ఎక్కడా రాసుకోలేదు. అందులో బాపు కూడా చెట్టు పెట్టడు.

మా సొంత చెలకలో మాత్రం ఎందుకు పెట్టకూడదు? ఈ మాట అడిగినప్పుడల్లా బాపమ్మది ఒకటే జవాబు.

"సర్కారిచ్చింది నిజమే. సర్కారు మాకు తెల్వదు, మేం సర్కారుకు తెల్వదు. భూమి ఇస్తే దోసిట్ల మన్ను పోసి, ఇగ నీది అనాలె. మాకెవరు పోసిన్రు? దొర పాయె, దొరసాని నోట ఆ మాట రాలే."

పోయినేడు ఎండాకాలం బాపు చెలకలో పడిపోయాడు. పాత కందిమోళ్ళు ఏరి కుప్పలు పెడుతుంటే ఎండదెబ్బ తగిలింది. పనికొచ్చిన ఆడవాళ్ళు తమ కొంగులు తడిపి ఆయన మీద కప్పి, ఎండకు అడ్డంగా చుట్టూ నిలబడ్డారట. వాళ్ళ నీడే ఆయనకు నీడ. దవాఖానలో డాక్టరు, "నీడకు కూసోవద్దా పెద్దమనిషీ, గంత ఎండల?" అంటే అమ్మకు ఏడుపు ఆగలేదట. ఇంటికి వచ్చాక బాపు మంచం మీద నుంచే బాపమ్మను అడిగాడు.

"ఒక్క చెట్టు పెట్టుకుందమే అవ్వా."

బాపమ్మ చాలాసేపు చీరకొంగు ముడి వేస్తూ విప్పుతూ కూర్చుంది. చివరికి, "ఈసారి కొత్తలకు నేనే పోత. దొరసానిని అడుగుత" అంది.

కొత్తలంటే పంట ఇంటికి రాగానే మొదటి కుప్పలోంచి తీసి దొర ఇంటికి పంపేవి. భూమి మాదయ్యాక ఆగిపోవలసిన ఆనవాయితీ అది. ఆగలేదు. దొరసాని అబిడ్స్‌లో ఉంటే అబిడ్స్‌కే వెళ్ళేవి. ముందు తాత మోశాడు, తర్వాత బాపు, నేను పట్నం వచ్చాక నేను. చలికాలంలో ఊరివాళ్ళెవరో ఒకరు గుడ్డసంచీలో కొత్త కందులు తెచ్చి నాంపల్లి స్టేషన్లో నా చేతికి ఇచ్చేవాళ్ళు. అబిడ్స్ పెద్దరోడ్డు వెనక సందులో, కింద సూట్‌కేసుల గోదాము ఉన్న పాత మేడ ఎక్కి, తలుపు దగ్గరే ఇచ్చి వచ్చేదాన్ని. దొరసాని కూతురు, బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన ఆమె, ప్రతిసారీ లోపలికి రమ్మనేది. నేను ప్రతిసారీ పని ఉందనేదాన్ని. గడప ఇవతల నుంచి నాకు కనిపించేది ఒక కిటికీ, దాని ఊచలకు కట్టిన క్యాలెండరు, కిటికీ పక్క కుర్చీలో ఒక తెల్లటి తల. పావురాలు గుబగుబమంటుంటే ఆ తల కొద్దిగా ఊగుతూ ఉండేది. ఆ గదిలో మా చెలక ఇంకా దొరలదేనేమో, గడప దాటగానే మాదవుతుందేమో అనిపించేది. కాళ్ళు తేలికగా, కలలో లాగా, మెట్లు దిగేదాన్ని.

అలా ఆ చలికాలం బాపమ్మ తానే రైలు దిగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో చెప్పులు. నున్నటి రాయి మీద చెప్పులతో జారుతుందట.

పనిలో పని, ఆమె కళ్ళు చూపించాలనుకున్నాం. ఊరి దగ్గర ఒక కంటికి శుక్లం తీయించుకుని చాలా రోజులైంది గాని అద్దాలు పెట్టుకోలేదు. నేను పని చేసేది అబిడ్స్‌లో ఒక కళ్ళద్దాల దుకాణంలో. వెనక చీకటి గదిలో, వచ్చినవాళ్ళ కళ్ళకు ఒక అద్దం తర్వాత ఒకటి పెట్టి, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడగడం నా పని. నాలాంటి మనిషికి అంతకన్న మంచి ఉద్యోగం దొరకదు. అక్కడ ఎవరూ నా ముఖం చూడరు. అందరూ గోడ మీద వెలుగుతున్న అట్టను చూస్తారు. నేను మెల్లగా మాట్లాడినా వింటారు. మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు ఆ గదిలోనే పుస్తకం చదువుకుంటాను.

చదువు రానివాళ్ళకు వేరే అట్ట ఉంది. దాని మీద మూడు పళ్ళున్న గుర్తులుంటాయి. పళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. బాపమ్మను కుర్చీలో కూర్చోబెట్టి ఆ అట్ట వెలిగించాను.

"ఇది గొర్రు గద!" అంది వెంటనే. "మూడు పండ్ల గొర్రు."

"ఔ. పండ్లు ఎటున్నయి?"

"కిందికి. భూమిల దిగింది. ఈ పక్కది ఎల్లెంకల పడ్డది, ఎవడో తాగి ఇడిసిపెట్టి పోయిండు."

"దాని కిందివి?"

"ఇగో, ఇవి దూరపు చెలకలున్నయి. కనవడ్తలేవు."

నేను అద్దం మార్చాను. మళ్ళీ మార్చాను. కింది వరసలో చిన్న చిన్న గొర్లు ఒక్కొక్కటే ఆమెకు దగ్గరికి వచ్చాయి. చెయ్యి ఎత్తి చూపించుకుంటూ పోయింది, పైకి, పక్కకు, కిందికి, చీకట్లో విత్తనం చల్లుతున్నట్టు. ఆ అద్దం పవరు నేనే పెట్టాను. అది సరైనదే. ఈ సంగతి తర్వాత అవసరం పడుతుంది కాబట్టి చెప్తున్నాను.

ఆదివారం పొద్దున అద్దాలు పెట్టుకుని బాపమ్మ నాతో అబిడ్స్ బయలుదేరింది. ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. మామూలుగా అది నా రోజు. ఆ రోజు మాత్రం పుస్తకాల పక్క నుంచి కందుల సంచి మోసుకుంటూ వెళ్ళాను. బాపమ్మ కొత్త అద్దాల్లోంచి అన్నీ చూస్తోంది. "గిన్ని పుస్తకాలు ఎండల పెట్టిన్రు, మిరపకాయల లెక్క" అంది.

మెట్ల మీద ఆగి ఊపిరి తీసుకుంది. "నేను అడిగేటప్పుడు నువ్వు నడుమ రాకు" అని నాకు చెప్పింది. నేను ఎప్పుడైనా నడుమ వచ్చానా అనుకున్నాను.

కూతురు తలుపు తీసి, బాపమ్మను చూసి, "అరే, మీరా!" అంటూ చెయ్యి పట్టి లోపలికి తెచ్చింది. కుర్చీ వేసింది. బాపమ్మ కుర్చీని పక్కకు జరిపి, దొరసాని కాళ్ళకు కొంచెం దూరంలో నేల మీద కూర్చుంది. కూర్చోవాలో వద్దో తెలియక నేను గడప మీదే ఉండిపోయాను.

"ఎవరే అది?" అంది కిటికీ పక్క నుంచి దొరసాని. గొంతు సన్నగా, తీయగా ఉంది.

"నేనే దొరసానీ. కొత్తలు తెచ్చిన."

దొరసాని ముందుకు వంగి చాలాసేపు చూసింది. "గిట్ల ఎండిపోయినవేందే పిల్లా! మొన్ననే గద నీ లగ్గమైంది?"

"ఔ దొరసానీ, మొన్ననే" అంది బాపమ్మ. "అత్త తిండి పెడ్తలేదు."

ఇద్దరూ నవ్వారు. ఇద్దరికీ కలిపి నోట్లో ఎన్ని పళ్ళున్నాయో తెలియదు గాని నవ్వు మాత్రం పొలం గట్టు మీద ఇద్దరు పడుచు పిల్లలు నవ్వినట్టే ఉంది.

బాపమ్మ గది చుట్టూ కళ్ళు తిప్పింది. "పెద్దదొర ఫోటో గోడకు లేదేంది?" అంది.

"బీరువ మీద పెట్టినం" అంది కూతురు. "ఓనరు మేకు కొట్టనియ్యడు. ఎన్నేండ్ల సంది ఉంటున్నమో ఈ కిరాయి ఇంట్ల, ఒక్క మేకు కొట్టలే. క్యాలెండర్ గూడ చూడున్రి, ఊచలకు కట్టుకున్నం."

బీరువా మీద పాత సూట్‌కేసుకు ఆనించి ఉన్న పటంలోంచి మీసాల దొర పైకప్పును చూస్తున్నాడు. బాపమ్మ "అయ్యో" అంది. నిజంగానే అంది.

సంచి విప్పితే దొరసాని చెయ్యి చాపి పిడికెడు కందులు తీసుకుంది. వేళ్ళ సందుల్లోంచి ఒళ్ళోకి జారవిడిచింది. మళ్ళీ తీసుకుంది. కిటికీ ఎండ ఆ చేతి మీద పడుతోంది. ఎర్రటి గింజలు రాలుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు. నేను అబిడ్స్‌ను మరిచిపోయాను. మా చెలక లోపలికి వచ్చి కూర్చున్నట్టుంది.

"పుచ్చు పట్టలేదు గద?" అంది దొరసాని.

"పట్టదు. వేపాకు కలిపి పెట్టిన."

"వేపాకు ఏడిదే నీకు? నీ చెలకల చెట్టు లేదు గద."

దొరసాని తానే ఆ మాట ఎత్తుతుందని బాపమ్మ అనుకోలేదు.

"గదే అడుగుదామని వచ్చిన దొరసానీ. మా పోరనికి ఎండదెబ్బ తాకింది పోయినేడు. బతికి బయట పడ్డడు. నడిమి గట్టు మీద ఒక్క చెట్టు పెట్టుకుంట. నీడకు. ఒక్కటే. నువ్వు ఔ అంటే చాలు."

దొరసాని గింజలు జారవిడుస్తూనే ఉంది. పావురం ఒకటి కిటికీ మీద వాలి, లోపలికి చూసి, ఎగిరిపోయింది. ఔ అను, ఔ అను అనుకున్నాను. అంటే ఏం పోతుంది? ఆ భూమి ఆమెది కాదు, ఆ మాటకు ఏ ఆఫీసులోనూ విలువ లేదు. విలువ ఉన్నది ఒక్క మా బాపమ్మ దగ్గరే.

"వద్దే" అంది దొరసాని.

నవ్వుతూనే అంది, చిన్నపిల్ల తాయిలం అడిగితే అన్నట్టు. "చెట్టు పెడితే రేపు భూమి నాదంటవ్."

"అమ్మా!" అంది కూతురు. ఆమె ముఖం ఎర్రబడింది. "ఆ భూమి వాళ్ళదే. ఎప్పుడో అయింది. నాయిన ఉన్నప్పుడే అయింది."

"అయితేంది? చెట్టు మాట వేరే" అంది దొరసాని. తర్వాత ఆ సంగతే మరిచిపోయి, "పిల్లకు చాయ్ ఇయ్యి. చెక్కర జర ఎక్కువెయ్యి, అది తీపి తాగుతది" అంది.

కూతురు బాపమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "ఏమనుకోకున్రి. ఆమెకు యాది ఉంటలేదు. మీ భూమిల మీరు చెట్టు పెట్టుకోనీకి అడుగుడేంది? పెట్టుకోన్రి." బాపమ్మ తల ఊపింది. ఆ మాట ఆమెకు చేరలేదని నాకు తెలిసింది. ఆమెకు కావలసింది ఒక్క నోటి నుంచి. ఆ నోరు వద్దంది.

చాయ్ వచ్చింది. నిజంగానే తీయగా ఉంది. బాపమ్మ మెల్లగా, చివరి బొట్టు దాకా తాగింది. దొరల గడిలో తాగిన కప్పు ఎప్పుడూ తానే కడిగి బోర్లించి వచ్చేదట, బాపు చెప్పేవాడు. ఈసారి కప్పు కుర్చీ మీద పెట్టింది, తాను కూర్చోకుండా పక్కకు జరిపిన ఆ కుర్చీ మీద. కడగలేదు. లేచి, "పోయొస్త దొరసానీ" అంది.

"ఇగ మళ్ళ కొత్తలకా?" అంది దొరసాని, కందులు ఒళ్ళో పోగు చేసుకుంటూ.

బాపమ్మ గోడ పట్టుకుని మెట్లు దిగింది. సందు దాటి పెద్దరోడ్డు మీదికి వచ్చాం. పుస్తకాల మీద మనుషులు వంగి ఉన్నారు. అంత సందడి మధ్య ఆమె ఉన్నట్టుండి ఆగింది.

"గింతున్నదేందే?" అంది.

"ఎవరు?"

"దొరసాని. ఎంత మనిషి ఉండె! గడి మెట్ల మీద నిలబడితే నేను తల ఎత్తకపోతుంటి. ఇయ్యాల అద్దాల్ల చూస్తే గింతున్నది, పిట్ట లెక్క." ఇంకో నాలుగు అడుగులు వేసి మళ్ళీ ఆగింది. ఈసారి గొంతు లేచింది. "ఆమెవరే వద్దనేటందుకు?"

"నువ్వే అడిగితివి గద బాపమ్మా."

"అడిగిన! అడిగితే వద్దంటదా? ఇన్నేండ్లు కొత్తలు మోస్తిమి, పుచ్చు లేకుండ ఏరి ఏరి తెస్తిమి. భూమి నాదట, చెట్టు ఆమెదట! మేకు కొట్టుకునే దిక్కు లేదు ఇంట్ల, నా చెలకల చెట్టు వద్దంటది!"

పుస్తకాలు చూసేవాళ్ళు తలెత్తారు. మామూలు రోజైతే నేను భూమిలోకి దిగిపోయేదాన్ని. కానీ నేను వేరే ఏదో వింటున్నాను. "నా చెలక" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఆ మాట నేను వినలేదు. మా చెలక అనేది, గుట్ట కింది చెలక అనేది, పోరని చెలక అనేది.

చెరుకురసం తాగిస్తే చల్లబడింది. రోడ్డు పక్క మూసిన దుకాణం మెట్టు మీద, రేకు నీడలో కూర్చున్నాం.

"పబ్లిక్ గార్డెన్ దిక్కు మొక్కలు అమ్ముతరు. ఒకటి కొందామా?" అన్నాను, భయపడుతూనే.

ఆమె నన్ను కొత్త అద్దాల్లోంచి వింతగా చూసింది. "పైసలిచ్చి చెట్టు కొంటరా?" అంది. అంతే. ఆ తర్వాత చెట్టు మాట ఎత్తలేదు. కోపం తీరిపోయింది, వద్దన్న మాట మిగిలిపోయింది అనుకున్నాను. సాయంత్రం నాంపల్లిలో రైలెక్కించాను. కిటికీ దగ్గర కూర్చుని, రైలు కదిలే ముందు, "వచ్చేయేడు కొత్తలు గూడ నేనే తెస్త" అంది.

"ఇంకా తెస్తవా?"

"ఎందుకు తేను? అది వేరే."

రైలు వెళ్ళాక చాలాసేపు ప్లాట్‌ఫాం మీదే ఉన్నాను. ఖాళీ పట్టాల మీద పొద్దుగూకే ఎండ పరుచుకుని ఉంది. ఆ రెండు మాటలూ, చెట్టు మాట వేరే, అది వేరే, రైలు చప్పుడులో కలిసి చాలా దూరం దాకా వినిపించాయి. ఆ రోజుల్లో నాకు ఒకటే కల. అబిడ్స్ నడిమధ్య మా చెలక ఉంటుంది, ట్రాఫిక్ దాని చుట్టూ తిరిగి పోతుంటుంది. మధ్యలో బాపమ్మ గడ్డి తీస్తుంటుంది. ఎండకు నేను కిటికీ ఊచలకు క్యాలెండరు కట్టి నీడ చేయాలని చూస్తుంటాను. కట్టిన ప్రతిసారీ ఎగిరిపోతుంది.

బాపు ఫోన్ చేసి, "దొరసాని ఏమన్నదే? ముసల్ది నోరు ఇప్పుతలేదు" అని అడిగాడు. ఆమె చెప్పనిది నేనెలా చెప్పను? చాయ్ మంచిగుండె అన్నాను.

ఎండాకాలం ఎలాగో గడిచింది. బాపు పొద్దున, సాయంత్రం మాత్రమే చెలకకు వెళ్ళాడు. వానలు పడ్డాయి. నాంపల్లి సందుల్లో నీళ్ళు నిలిచి, నా చెట్ల నీడలన్నీ కొన్నాళ్ళు మబ్బుల్లో కలిసిపోయాయి. ఒక మధ్యాహ్నం దుకాణంలో చీకటి గదిలో ఉంటే బాపు ఫోన్ వచ్చింది.

"కలుపు అయిపోయింది బిడ్డా."

"మంచిగ అయిందా?"

"అయింది. గని నీ అద్దాలు మంచిగ లేవు."

"ఏమైంది?"

"ముసల్దానికి కనవడ్తలేదు. నడిమి గట్టు మీద వేపమొక్క ఒకటి ఇడిసిపెట్టింది. చుట్టు గడ్డంత తీసింది, సన్న సన్న పోసలు గూడ తీసింది. మొక్క మాత్రం గట్లనే ఉన్నది."

గోడ మీద గొర్ల అట్ట వెలుగుతోంది. కింది వరస దాకా.

"పవరు కరెక్టే బాపూ" అన్నాను.

అటు నుంచి చాలాసేపు గాలి మాత్రమే వినిపించింది. ఆయన చెలకలోనే ఉన్నాడని అర్థమైంది.

"మరి కంప నాటాల్నా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "మ్యాకలొస్తే కొరుక్క పోతయి."

"బాపమ్మను అడుగు."

"నేనడుగ. నువ్వడుగు."

"నేనడుగ."

ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు అదే వేళకు మళ్ళీ ఫోన్ చేశాడు.

"కంప కొట్టుకోని పోయిన" అన్నాడు. "పోతే ఏమున్నది, ముందే నాటి ఉన్నది. మొక్క చుట్టు తుమ్మకంప, గుండ్రంగ. ముండ్లన్నీ బయటికి."

"బాపమ్మనేనా?"

"ఇంకెవరు? కంప ఏడిది అనుకున్నవ్? ఆ గట్టు తగాదా ఆయన లేడా, వాని తుమ్మచెట్టుది కొట్టింది. ఇగ వాడు లొల్లికి వస్తడు."

బాపు గొంతులో దిగులు ఏమీ లేదు.